అయిదేళ్ల తర్వాత మీరు ఏ మెట్టు మీద ఉంటారు?

హైదరాబాద్‌లో సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లు చేరే అశోక్‌నగర్‌లో పలకరింపులు వేరుగా ఉంటాయి. అక్కడ ఎవరూ "బాగున్నారా" అని అడగరు. "టెస్ట్‌లో ఎంతొచ్చింది?", "డేట్ ఏమన్నా తెలిసిందా?", "కీ చూసుకున్నవా?" అని అడుగుతారు. నేను అక్కడి హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్న రోజుల్లో, నీ జీవితం నీకు తృప్తిగా ఉందా అని నన్ను సూటిగా అడిగింది ఒక పరిశోధక విద్యార్థిని. ఆమె సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నారు. ఇరవైల్లో ఉన్నవాళ్లకు ఇప్పటి జీవితం మీద తృప్తి ఎంత, రాబోయే రోజుల మీద ఆశ ఎంత అన్నది ఆమె విషయం. ఒక్కసారి అడిగి వెళ్లిపోవడం కాదు, కొన్ని నెలలు ఆగి అదే మనుషుల్ని మళ్లీ అవే ప్రశ్నలు అడుగుతారు. ఆ మనుషుల్లో నేనొకదాన్ని. ఫారం నింపడమే కదా అనుకుని కూర్చున్నాను. ఆ ప్రశ్నలు మాత్రం నన్ను చాలా కాలం వదల్లేదు.

మాది నల్గొండ జిల్లా. నాయినకు కొద్దిగా బత్తాయి తోట ఉంది. అమ్మ ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. తమ్ముడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వచ్చాను. 2022 డిసెంబరులో గ్రూప్-2 నోటిఫికేషన్ పడింది. పోస్టులు 783, దరఖాస్తులు అయిదున్నర లక్షలు. పరీక్ష తేదీ వచ్చింది, మారింది, మళ్లీ వచ్చింది, మళ్లీ మారింది. చివరికి పరీక్ష జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. నోటిఫికేషన్‌కీ పరీక్షకీ మధ్య రెండేళ్లు. ఆ రెండేళ్ల మధ్యలో, 2024 వర్షాలు మొదలైన రోజుల్లో, ఆగస్టులో పరీక్ష ఖాయమనుకుని అందరం రివిజన్‌లో మునిగి ఉన్నప్పుడు ఆమె మా హాస్టల్‌కి వచ్చారు.

అప్పటి నా రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున్నే బండి మీద ఇడ్లీ, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చోటు దొరికితే అక్కడ, దొరక్కపోతే నెలకింత అని కట్టిన రీడింగ్ రూమ్‌లో. మధ్యాహ్నం 5 రూపాయల భోజనం, రాత్రి కర్రీ పాయింట్‌లో పప్పో, టమాటా కూరో. సినిమా లేదు, పెళ్లిళ్లకు వెళ్లడం లేదు. పెళ్లిలో చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో తెలుసు కాబట్టి వెళ్లలేదు. అమ్మ ఫోన్ చేస్తే "తిన్నవా బిడ్డా, మంచిగ తిను, పానం ఖరాబ్ చేసుకోకు" అనేది. అంతకంటే ఎక్కువ మాట్లాడితే నా చదువు పాడవుతుందని ఆమె భయం.

మధ్యాహ్నం అన్నాలయ్యాక హాస్టల్ డైనింగ్ హాల్లో కూర్చున్నాం. ముందు అంగీకార పత్రం. పేరు రాయక్కర్లేదు, ఒక కోడ్ ఇస్తారు. ఇష్టం లేని ప్రశ్న వదిలేయొచ్చు, మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు, కారణం అడగరు. దాంతో పాటు ఒక చిన్న చీటీ ఇచ్చారు. టెలీ మానస్ నంబరు, 14416. మనసు బాగాలేనప్పుడు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చని చెప్పారు. 2022 అక్టోబరు నుంచి ఉన్న ఆ నంబరు సంగతి హాస్టల్‌లో ఒక్కరికీ తెలియదు. ఆ చీటీని మా గది తలుపు వెనక అతికించాం. ఇది చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఆ నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకుంటే నాకు సంతోషం.

మొదట అయిదు వాక్యాలు ఇచ్చారు. ఎడ్ డీనర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1985లో తయారుచేసిన కొలత అది. ఒక్కో వాక్యానికి 1 నుంచి 7 దాకా మార్కు వేయాలి, ఎంత ఒప్పుకుంటే అంత ఎక్కువ. మొత్తం 5 నుంచి 35 మధ్య వస్తుంది, 20 అంటే అటూ ఇటూ కాని స్థితి. నాకు 13 వచ్చింది. మొదటి నాలుగూ తొందరగానే వేశాను. చివరిదాని దగ్గర ఆగిపోయాను. మళ్లీ మొదటి నుంచి బతికే అవకాశం వచ్చినా దాదాపు ఏమీ మార్చుకోను అన్న అర్థం వచ్చే వాక్యం. అమ్మానాన్నల్ని మార్చుకోను. ఊరిని, బడిని మార్చుకోను. ఎదురుచూసిన కాలం ఒక్కటి తీసేయాలని ఉంది. దానికి ఎంత వేయాలి? చాలాసేపు ఆలోచించి 3 వేశాను.

పరీక్షల గురించి ఒక్క ప్రశ్నా ముందు అడగకపోవడం నాకు వింతగా అనిపించింది. తర్వాత అడిగితే కారణం చెప్పారు. ముందే పరీక్ష గురించి అడిగితే ఆ టెన్షన్ అంతా తర్వాతి జవాబుల్లోకి వచ్చేస్తుంది, జీవితం మొత్తాన్ని ఆ పరీక్షతోనే కొలుస్తారు, అందుకే జీవితం గురించి ముందు అడుగుతామని. మా విషయంలో వరస ఎలా పెట్టినా పెద్ద తేడా ఉండేది కాదు. మేం దాన్ని మోసుకునే డైనింగ్ హాల్లోకి వచ్చాం.

తర్వాత ఒక ఏ4 కాగితం ముందుకు జరిపారు. దాని మీద నిచ్చెన బొమ్మ. అడుగున 0, పైన 10. చేత్తో గీసి జిరాక్స్ తీయించినట్టుంది, ఆరో మెట్టు కొంచెం వంకరగా ఉంది. పైమెట్టు అంటే మీకు ఇంతకంటే మంచి బతుకు ఉండదు అనిపించేది, అడుగున ఉన్నది ఇంతకంటే అధ్వానం ఉండదు అనిపించేది, ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారో చూపించండి అన్నారు. ఈ నిచ్చెనను హాడ్లీ క్యాంట్రిల్ అనే ఆయన 1965లో ప్రచారంలోకి తెచ్చారు. గ్యాలప్ సంస్థ ప్రపంచమంతా తిరిగి అడిగేది ఇదే. ఏటా పేపర్లలో వచ్చే ప్రపంచ సంతోష నివేదిక ర్యాంకులు కూడా ఈ ప్రశ్న జవాబుల సగటే. ఇందులో నాకు నచ్చినది ఒకటే, 10 అంటే ఏమిటో చెప్పే హక్కు మనదే. జీతం ఇంత, ఇల్లు ఇంత అని వాళ్లు నిర్ణయించరు.

పెన్సిల్‌తో 4 దగ్గర టిక్ పెట్టాను. అయిదేళ్ల తర్వాత ఏ మెట్టు మీద ఉంటారు అని అడిగారు. తడుముకోకుండా 9 అన్నాను.

"మీ పదో మెట్టు గురించి కొంచెం చెప్పండి" అన్నారు.

చెప్పాను, ఉత్సాహంగా చెప్పాను. సెలక్షన్ లిస్ట్ పీడీఎఫ్ తెరిచి హాల్‌టికెట్ నంబరు వెతుక్కోవడం. నంబరు కనపడగానే నాయినకు ఫోన్. ఊళ్లో బస్టాప్ దగ్గర నా ఫొటోతో ఫ్లెక్సీ. హాస్టల్‌లో అందరికీ స్వీట్లు. అమ్మ మెడలో తాకట్టు విడిపించిన గొలుసు. ఆమె అంతా విని, కాసేపాగి, "ఉద్యోగంలో చేరి ఏడాదైంది అనుకోండి. ఒక మామూలు మంగళవారం. పొద్దున లేచారు. తర్వాత?" అన్నారు.

నా నోట మాట రాలేదు. ఏ ఊళ్లో లేచాను? ఇంట్లో ఇంకెవరున్నారు? ఆఫీసులో నా టేబుల్ మీదికి ఏ కాగితాలు వస్తాయి? నా ముందు నిలబడే మనుషులు ఏ కష్టంతో వస్తారు? సాయంత్రం ఏం చేస్తాను? నాయబ్ తహసీల్దార్ కావాలని పొద్దునా రాత్రీ అనుకుంటున్న నాకు ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో కనపడలేదు. నా 10లో ఉన్నది ఒక్క రోజు. ఆ రోజు తర్వాత అంతా ఖాళీ. 9 అని అంత గట్టిగా ఎలా చెప్పానో అని నాకే ఆశ్చర్యం వేసింది.

చివర్లో ఆశను కొలిచే ప్రశ్నలు. ఆశకు కూడా కొలత ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. కాన్సాస్ యూనివర్సిటీలో పనిచేసిన సి.ఆర్. స్నైడర్, తోటివాళ్లు 1991లో తెచ్చిన 12 వాక్యాలవి. అందులో నాలుగు లెక్కలోకి రావు, ఏం కొలుస్తున్నారో జవాబిచ్చేవాళ్లు పసిగట్టకుండా మధ్యలో కలిపినవి. మిగిలిన ఎనిమిదిలో నాలుగు పట్టుదల గురించి, నాలుగు దారుల గురించి. స్నైడర్ లెక్కలో గట్టిగా కోరుకోవడం ఒక్కటే ఆశ కాదు. కోరుకున్నచోటికి చేరడానికి దారులు కనపడాలి, ఒకటి మూసుకుంటే ఇంకొకటి వెతుక్కోగలననే నమ్మకం ఉండాలి. అంతా అయ్యాక అడిగితే నా లెక్క చూపించారు. ఇది రోగం తేల్చే పరీక్ష కాదు, పాస్ ఫెయిల్ లేదు అని రెండుసార్లు గుర్తుచేసి మరీ చూపించారు. పట్టుదలలో నాకు పూర్తి మార్కులకు దగ్గరగా ఉన్నాయి. దారుల దగ్గర బాగా తక్కువ. నా జవాబులు ఉన్నదున్నట్టు చెప్పాయి. నాకున్నది ఒకటే దారి, ఆ దారికి గేటు ఎప్పుడు తీస్తారో నా చేతుల్లో లేదు.

ఆ రాత్రి నిచ్చెన ప్రశ్న డాబా మీద చర్చకొచ్చింది. ఒకమ్మాయి ఇప్పుడు 3, అయిదేళ్లకు 9 అంది. ఇంకొకరు 4, 10. ఇంకొకరు 2, 9. గ్యాలప్ వాళ్ల లెక్కలో ఇప్పుడు 7 ఆపైన, అయిదేళ్లకు 8 ఆపైన చెప్పినవాళ్లు బాగా బతుకుతున్నవాళ్లు. రెండూ 4 లేదా అంతకంటే తక్కువైతే బాధల్లో ఉన్నవాళ్లు. మిగతా అందరూ ఈదుకొస్తున్నవాళ్లు. డాబా మీది అందరం ఆ మధ్య గుంపులోనే పడ్డాం.

మా పెద్దమ్మ కొడుకు కొండాపూర్‌లో పీజీలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. ఫోన్‌లో వాణ్ణీ అడిగాను. ఇప్పుడు 7, అయిదేళ్లకు 5 అన్నాడు. తిప్పి చెప్పాడేమో అనుకున్నాను.

"తిప్పి చెప్పలే చెల్లె. ఇప్పుడైతే మంచిగనే నడుస్తుంది. మా టీంల పది మంది చేసే పని ఇప్పుడు నలుగురితోనే అయితుంది. అయిదేండ్లకు నా పని ఉంటదో ఉండదో ఎవరు చెప్తరు?" అన్నాడు.

తృప్తి, ఆశ కలిసి వస్తాయని, కలిసి పోతాయని అనుకునేదాన్ని. అన్న దగ్గర మొదటిది ఉంది, రెండోది కరిగిపోతోంది. మా దగ్గర రెండోది కొండంత ఉంది, దాని కోసం మొదటిదాన్ని పూర్తిగా పక్కన పెట్టేశాం. హైటెక్ సిటీకీ అశోక్‌నగర్‌కీ మధ్య ఉన్న దూరం జీతాలది ఒక్కటే కాదని ఆ ఫోన్‌తో అర్థమైంది.

తర్వాత జులైలోనే ఆగస్టు పరీక్ష డిసెంబరుకు వాయిదా పడింది. టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీ కూడా రాస్తున్నవాళ్లు వాయిదా కావాలనే అడిగారు, రెండు పరీక్షలు అంత దగ్గరగా పడితే వాళ్లేం చేస్తారు? నేను డీఎస్సీ రాయడం లేదు. నాకు మాత్రం కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఫెయిలైతే ఒక జవాబు వచ్చినట్టు, ఏడ్చి ఇంకో పని చూసుకోవచ్చు. వాయిదాలో జవాబు ఉండదు. ఇంటికి వెళ్లాలా, ఇక్కడే ఉండాలా, నాయిన దగ్గర ఇంకా డబ్బులు తెప్పించుకోవాలా, ఒక్కటీ తేలదు. అదే ఏడాది ఫిబ్రవరిలో సర్కారు ఉద్యోగాలకు వయోపరిమితిని 44 నుంచి 46కి పెంచారు. చాలామందికి అది మేలు చేసింది, ఆ సంగతి నేను కాదనను. 46 అనే అంకె చూసినప్పుడు మాత్రం నాకు ఇంకా ఇరవై ఏళ్లు ఇదే రీడింగ్ రూమ్ కనిపించింది. ఆగస్టు 2న, ఏ పరీక్ష ఎప్పుడో చెప్పే జాబ్ క్యాలెండర్ వచ్చినప్పుడు హాస్టల్‌లో అందరూ దాన్ని ప్రింట్ తీసి మంచం పక్కన అంటించుకున్నారు. తేదీ కళ్లముందుంటే మనిషి వేరేగా చదువుతాడు. ఇది నేను దగ్గరుండి చూసిన విషయం.

అందుకే "పాజిటివ్‌గా ఉండు, అంతా మంచే జరుగుతుంది" అని రీల్స్‌లో చెప్పేవాళ్ల మీద నాకు కోపం. ఆశ తగ్గిన ప్రతి పిల్లా, పిల్లవాడూ మనసు బలహీనమైనవాళ్లు కారు. తేదీ తెలియని చోట, పోస్టులు వందల్లో, పోటీ లక్షల్లో ఉన్నచోట ఆశ నిలబెట్టుకోమని వాళ్లకే చెప్పడం న్యాయం కాదు.

పరిశోధనలో ఇంకో భాగం ఉంది, ఇష్టమున్నవాళ్లు చేయొచ్చు. నాలుగు రోజులు వరసగా, రోజుకు 20 నిమిషాలు, అన్నీ వీలైనంత బాగా జరిగిన తర్వాతి మీ జీవితం గురించి ఆపకుండా రాయాలి. లారా కింగ్ అనే సైకాలజిస్టు 2001లో ప్రచురించిన పద్ధతి అది. నేను ఒప్పుకున్నాను. మొదటి రోజు మళ్లీ పీడీఎఫ్, ఫ్లెక్సీ, స్వీట్లే రాశాను. 20 నిమిషాలు గడవడానికి అవి చాలలేదు. రెండో రోజు కూడా అంతే. మూడో రోజు, ఆ మంగళవారం గురించి రాద్దామని కూర్చున్నాను. సొంతంగా తాళం వేసుకునే ఒక గది వచ్చింది. గదికి కిటికీ ఉంది. అమ్మను కంటి పరీక్షకు తీసుకెళ్తున్నాను, ఎవరి దగ్గరా అప్పు అడగలేదు. తమ్ముడి ఫీజు సమయానికి కట్టాను. పగలంతా ఎవరికో ఏదో వివరించి చెప్తున్నాను, వాళ్లకు అర్థమవుతోంది. హాస్టల్‌లో కాలం-పని లెక్కలు రాని అమ్మాయిలు నా మంచం దగ్గరికి వచ్చినప్పుడు నాకు కలిగే సంతోషమే అందులో ఉంది. నాలుగో రోజు అదే ఇంకా వివరంగా వచ్చింది. ఆ మంగళవారంలో హోదా పేరు లేదు. అందులో ఉన్నవాటిలో చాలా వాటికి ఆ ఉద్యోగం ఒక మంచి దారి, కానీ ఒక్కగానొక్క దారి కాదు.

ఉద్యోగం మీద కోరిక పోలేదు. డిసెంబరు పరీక్షకు అంతే గట్టిగా చదివాను. దాంతో పాటు టెస్ట్ సిరీస్ నడిపే ఒక చిన్న ఆఫీసులో బిట్లు రాసే పనికి వెళ్లడం మొదలుపెట్టాను. తెలుగు మీడియం బిట్లు తప్పుల్లేకుండా రాసేవాళ్లు తక్కువ, నాకు అది వచ్చు. బిట్ రాయడంలో కష్టమంతా తప్పు ఆప్షన్లలో ఉంటుంది. మూడు తప్పు జవాబులూ సగం చదివినవాడికి నిజమనిపించాలి, పూర్తిగా చదివినవాడికి తప్పని తెలియాలి. కింద వివరణ రాయాలి. ఒక్కో బిట్‌కి ఇంత అని లెక్క. చిన్న మొత్తమే, అయినా హాస్టల్ ఫీజుకు సరిపోయింది. ఈ నెల డబ్బులు పంపొద్దని నాయినతో చెప్పిన రోజు ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "చదువు ఆపలేదు గదా బిడ్డా?" అని అడిగాడు. ఆపలేదు నాయినా అన్నాను.

2025 మార్చిలో జనరల్ ర్యాంకింగ్ లిస్ట్ వచ్చింది. నా ర్యాంకు పోస్టుకు దగ్గర్లో లేదు. ఏడ్చాను, అన్నం తినలేదు. తర్వాత బిట్ల ఆఫీసుకు వెళ్లాను, అక్కడ ఆ రోజు అప్పజెప్పాల్సిన పేపర్ ఒకటి ఉంది.

రెండో విడత ప్రశ్నలు ఆ తర్వాత కొన్ని వారాలకు. ఈసారి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఒక టిఫిన్ సెంటర్లో, జనం పలచబడిన వేళ కూర్చున్నాం. అదే నిచ్చెన కాగితం. ఇప్పుడు 6, అయిదేళ్లకు 8 పెట్టాను. అయిదు వాక్యాల మొత్తం 21. ఆశ లెక్కలో పట్టుదల కొద్దిగా తగ్గింది, దారులు బాగా పెరిగాయి. ఇది రాసే వ్యాయామం వల్లా, సంపాదన వల్లా, కాలం గడవడం వల్లా అని ఒక్క మనిషి జవాబులతో చెప్పలేమని ఆమె స్పష్టంగా అన్నారు. నాకూ అంతకంటే ఎక్కువ అనాలని లేదు. అప్పటికే ఆ ఏడాది ప్రపంచ సంతోష నివేదిక వచ్చింది. మొదటి స్థానం ఎప్పటిలాగే ఫిన్లాండ్‌ది, 147 దేశాల్లో మనది 118. మన సగటు దాదాపు 4.4 అని చెప్పారు. అంటే నేను మొదటిసారి టిక్ పెట్టిన నాలుగో మెట్టు మీద నాతో పాటు చాలామందే ఉన్నారు.

గదికి వచ్చి చెప్తే, నా పక్క మంచం చెల్లి ముఖం చిన్నబుచ్చుకుంది. "9 నుంచి 8కి దిగినవా అక్కా? ఆశ తగ్గిందా?" అంది.

తగ్గలేదని చెప్పాను. అప్పటి 9లో నేను ఏం తింటానో, ఎక్కడుంటానో నాకు తెలియదు. ఈ 8లో నా మంగళవారం ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పగలను, అక్కడికి మూడు రకాలుగా చేరే వీలుంది, వాటిలో గ్రూప్-2 ఇప్పటికీ ఒకటి. చెల్లికి నా మాట నచ్చలేదు. తన 9 తనకు కావాలి, దాంతోనే పొద్దున నాలుగున్నరకు లేవగలుగుతోంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకూ ఇష్టం లేదు.

ఈ కొలతల మీద నాకు ఒక పెద్ద అభ్యంతరం ఉంది, ఆమెతోనూ అన్నాను. నిచ్చెన మీద ఒక్క మనిషికే చోటు. మా ఇళ్లలో ఎవరూ ఒంటరిగా ఎక్కరు. నేను 4 అన్నప్పుడు అందులో అమ్మ గొలుసు ఉంది, తమ్ముడి ఫీజు ఉంది, ఆ ఏడాది బత్తాయి ధర ఉంది. నాకు ఏ లోటూ లేకపోయినా నాయిన తోట ఎండితే నా మెట్టు దిగుతుంది. దాన్ని ఎక్కడ రాయాలి? ఆమె ఆ మాట రాసుకున్నారు.

చివర్లో, ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అని ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగారు. ఒక ప్రశ్న కలపమన్నాను. పై మెట్టు ఎక్కే అవకాశం ఎప్పుడు వస్తుందో మీకు తేదీ తెలుసా, తెలియదా? తెలిసినవాళ్ల జవాబులు, తెలియనివాళ్ల జవాబులు విడివిడిగా చూడమన్నాను. పరిశోధన మధ్యలో ప్రశ్న చేర్చాలంటే యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలని, దరఖాస్తు పెడతానని అన్నారు. మూడో విడతకు పిలుపు ఇంకా రాలేదు. వచ్చినప్పుడు ఆ ప్రశ్న ఉందో లేదో ముందు అదే చూస్తాను.